పసిమనసుల చికిత్స – ప్రజాధనంలో వారి హక్కు

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపుకు పేరుపొందిన పట్టణం. తొమ్మిది నెలలు భూమిలో ఉన్న పంటను తవ్వి తీసిన తరువాత రైతు దానిని ఎక్కువ రోజులు కుప్పలో ఉంచడు. వెంటనే ఉడకబెట్టి, ఎండబోసి, మెరుగు పట్టి మార్కెట్టుకు చేరుస్తాడు. ఆలస్యమైతే సరుకు చెడుతుందని, ధర పడిపోతుందని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. మార్కెట్టు యార్డులో అమ్ముడైన ప్రతి సరుకు మీద రుసుము వసూలు చేస్తారు. ఆ రుసుముతోనే షెడ్లు, రోడ్లు, కాటాలు ఏర్పడతాయి. అందరి నుంచీ కొంత తీసి అందరి మేలుకూ ఖర్చు చేయుట అనే సూత్రం ఈ ప్రాంతపు ప్రజలకు అనుభవంలో ఉన్న విషయమే. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గం నుంచి 170 మందికి పైగా రైతులు పోటీకి నిలిచారు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కావాలన్నదే వారి కోరిక. చివరకు 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైనది.

పసుపు విషయంలో ప్రభుత్వ ఖజానాను ఇంత గట్టిగా నిలదీసిన ప్రజలు తమ పిల్లల మనోవ్యాధుల చికిత్స కొరకు అదే ఖజానాను ఎప్పుడైనా ఒక ప్రశ్న అడిగారా?

ఈ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చు. పిల్లవాడికి జ్వరం వస్తే ఆసుపత్రి, మనసు బాగులేకపోతే తావీజు అనే అలవాటు అంత బలంగా నాటుకుపోయినది. ఆర్మూరు, దాని చుట్టుపక్కల గ్రామాల జీవితాన్ని గమనించినవారికి పిల్లల మనసు మీద పడే భారం ఎక్కడి నుంచి వస్తుందో తెలియనిది కాదు. వేలాది మంది తండ్రులు గల్ఫు దేశాలలో ఉన్నారు. కొందరు పిల్లలకు తండ్రి అంటే ఫోనులో వినిపించే గొంతు మాత్రమే. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. ఆకు, తంబాకు, దారం మధ్యనే పిల్లలు పెరుగుతారు. ఇంటిలో ఎవరికైనా కల్తీ కల్లు అలవాటు ఉంటే మరొక నరకం. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు జరిపినప్పుడు, మత్తుమందు కలిసిన ఆ కల్లు దొరకక, విపరీత ప్రవర్తనతో నిజామాబాదు ఆసుపత్రికీ, హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆసుపత్రికీ చేరిన రోగుల వార్తలు పత్రికలన్నిటిలో వచ్చాయి. ఆ రోగుల పిల్లల గురించి మాత్రం ఎవరూ వ్రాయలేదు.

ఇటువంటి ఇంటిలో ఏడేళ్ళ పిల్లవాడు ఉన్నట్టుండి మాట తగ్గించాడనుకోండి. రాత్రి పక్క తడుపుతున్నాడు, బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటున్నాడు. మొదట బెత్తం, తరువాత ఆమిల్, ఆ తరువాత దర్గా. ఆమిల్‌కు ఇచ్చిన డబ్బు లెక్క ఎవరూ వ్రాసి పెట్టుకోరు గాని, వ్రాస్తే చాలా కుటుంబాలకు అది డాక్టరు ఖర్చును మించిపోతుంది. చివరకు ఎవరైనా డాక్టరు దగ్గరకు వెళ్ళమంటే, 'పిచ్చాసుపత్రికి వెళ్ళారన్న పేరు వస్తే రేపు ఆడపిల్ల సంబంధాలు చెడిపోవా?' అనే భయం అడ్డం వస్తుంది. మూర్ఛవ్యాధిని జిన్ను పట్టుగా భావించి ఏళ్ళ తరబడి మందు ఇవ్వని ఇళ్ళు కూడా ఉన్నాయి. మూర్ఛ మెదడుకు సంబంధించిన వ్యాధి. క్రమంగా మందు వాడితే ఎక్కువ మందిలో అది అదుపులోకి వస్తుంది.

ఆలస్యానికి మూల్యం ఎంతో వైద్యశాస్త్రం చెబుతూనే ఉన్నది. 192 అధ్యయనాలను కలిపి 2021లో ప్రకటించిన ఒక పరిశీలన ప్రకారం, మానసిక వ్యాధులలో సుమారు మూడింట ఒక వంతు 14 ఏళ్ళ లోపు, దాదాపు సగం 18 ఏళ్ళ లోపు మొదలవుతాయి. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 సంవత్సరాల వయసు పిల్లలలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నట్లు తేలినది. ఆ 12 రాష్ట్రాలలో తెలంగాణ లేదు. అయినా వందమంది ఉన్న హైస్కూలు తరగతులలో ఏడుగురిని లెక్కించుకుంటే, ఇది ఏ వీధికీ దూరమైన సంగతి కాదని అర్థమవుతుంది.

ఇస్లాం దృష్టి

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో మతిస్థిమితం కోల్పోయిన వ్యక్తి పాపి కాడు, శాపగ్రస్తుడు కాడు. ముగ్గురి మీద నుంచి కర్మల కలం ఎత్తివేయబడినదని హదీసు తెలుపుతున్నది: నిద్రించేవాడు మేలుకునేవరకు, బాలుడు యుక్తవయస్కుడయ్యేవరకు, మతి తప్పినవాడు తెలివిలోకి వచ్చేవరకు. బాలుడు, మతిచెడినవాడు ఇద్దరూ ఈ ముగ్గురిలో ఉన్నారు. అంటే మనోవ్యాధి గల బిడ్డ రెండు విధాలుగా నిర్దోషి. అటువంటి బిడ్డను బెత్తంతో దండించేవారు ఏ నేరానికి దండిస్తున్నారో చెప్పుకోవలసి ఉంటుంది. ఆస్తిని నిర్వహించుకునే తెలివి లేనివారి విషయమై అన్నిసా సూరా 5వ ఆయతు, వారి చేతికి ధనం అప్పగించవద్దని చెప్పి అంతటితో వదలిపెట్టలేదు. ఆ ధనం నుంచే వారికి తిండి, బట్ట సమకూర్చమనీ, వారితో మంచిగా మాట్లాడమనీ ఆదేశించినది. పోషణతో పాటు మంచిమాట కూడా ఆజ్ఞలో భాగమే.

దైవప్రవక్త (స) ఆచరణ ఇంకా స్పష్టమైనది. మదీనాలో బుద్ధి సరిగా లేని ఒక స్త్రీ ఆయనతో పని ఉన్నదన్నప్పుడు, ఏ వీధిలోనైనా సరే నిలబడి ఆమె మాట వింటానని చెప్పి, ఆమె పని తీరేవరకు ఆమెతో ఉన్నట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చనిపోతే, ఆ పసివాడి దిగులు చూసి ఆయన ఆ పిట్టను గురించి ప్రేమగా పరామర్శించారు. ఒక సమాజానికి నాయకుడై, ఎన్నో భారాలు మోస్తున్న ఆ మహనీయునికి ఒక పిల్లవాడి పిట్ట చిన్న విషయంగా తోచలేదు. ఇక చికిత్స సంగతి. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును కూడా పంపాడనీ, చికిత్స చేయించుకోవాలనీ ఆయన బోధించారు. దుఆకూ మందుకూ వైరం లేదు. వైరం ఉన్నదని చెప్పేవారు తరచుగా దుఆకు రుసుము తీసుకునేవారే.

శరీరానికి వలెనే మనసుకూ వైద్యం అవసరమన్న గుర్తింపు ముస్లిం వైద్యులకు కొత్త కాదు. హిజ్రీ 322 (క్రీ.శ. 934)లో మరణించిన అబూ జైద్ అల్‌బల్ఖీ శరీరాల, ఆత్మల క్షేమం గురించి వ్రాసిన గ్రంథంలో కోపం, భయం, దిగులు, వదలని పాడు ఆలోచనలు అనే నాలుగింటికీ విడివిడిగా చికిత్స చెప్పాడు. ఇమాం గజ్జాలీ, చదువు ముగిసిన తరువాత పిల్లవాడిని ఆడుకోనివ్వాలనీ, ఆట లేకుండా ఎప్పుడూ చదివిస్తే వాడి హృదయం చచ్చిపోతుందనీ హెచ్చరించాడు. నేటి కార్పొరేటు కాలేజీల హాస్టళ్ళు ఈ మాట వినలేదు.

ఉమర్ (రజి) విన్న ఏడుపు

ఖర్చు ఎవరు పెట్టాలి? ఇస్లామీయ చరిత్రలో దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 20 ప్రాంతంలో, దీవాన్ ఏర్పడి ప్రజలకు భత్యాలు నిర్ణయించబడ్డాయి. పిల్లలకు కూడా భత్యం ఉండేది గాని, తల్లిపాలు మానిన పిల్లలకు మాత్రమే. ఒకసారి వర్తకుల బృందం ఒకటి మదీనా వెలుపల విడిది చేసినది. రాత్రివేళ వారికి కావలి కాయడానికి ఉమర్ (రజి), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వెళ్ళారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించినది. బిడ్డను సముదాయించమని ఖలీఫా తల్లికి చెప్పారు. కొంతసేపటికి మళ్ళీ ఏడుపు. మళ్ళీ చెప్పారు. మూడోసారి వెళ్ళి కోపగించుకున్నప్పుడు, ఎదుట ఉన్నది ఎవరో తెలియని ఆ తల్లి అసలు సంగతి చెప్పినది: పాలు మానితే తప్ప ఉమర్ భత్యం ఇవ్వడు గనుక, తాను బిడ్డ చేత తొందరపడి పాలు మాన్పిస్తున్నది!

ఆ తెల్లవారి ఫజ్ర్ నమాజులో ఖలీఫా ఏడుపు వలన ఆయన పఠనం వెనుక ఉన్నవారికి సరిగా అర్థం కాలేదట. నమాజు తరువాత, బిడ్డల చేత తొందరపడి పాలు మాన్పించవద్దనీ, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందనీ చాటింపు వేయించి, అన్ని ప్రాంతాలకూ ఉత్తర్వులు పంపారు. ఈ ఉదంతాన్ని ఇబ్నె సఅద్ తన తబఖాత్‌లో నమోదు చేశాడు. పుట్టిన బిడ్డకు వంద దిర్హములు, పెరిగిన తరువాత రెండు వందలు ఇచ్చేవారనీ, దిక్కులేక దొరికిన శిశువులకు కూడా పాలిచ్చే దాది ఖర్చు బైతుల్‌మాల్ నుంచి చెల్లించేవారనీ చరిత్రకారులు వ్రాశారు.

ఈ కథను వ్యాసాలలో, ఖుత్బాలలో సాధారణంగా ఉమర్ (రజి) దయాగుణానికి ఉదాహరణగా చెబుతారు. నిజమే. అయితే ఇందులో దయ కంటె పెద్ద విషయం ఒకటి ఉన్నది. బిడ్డను ఏడిపించినది తల్లి కాఠిన్యం కాదు, ఖజానా షరతు. ప్రభుత్వం డబ్బు ఇస్తూనే ఉన్నది, కాని ఆ డబ్బుకు పెట్టిన నియమం బిడ్డకు హాని చేసినది. తప్పు నియమంలో ఉన్నదని తెలిసిన వెంటనే పాలకుడు నియమాన్ని మార్చాడు.

మరొక ముఖ్య విషయం: ఈ భత్యం జకాత్ నుంచి ఇచ్చినది కాదు. అది ప్రజలందరి ఉమ్మడి ఆదాయమైన ఫయ్, ఖరాజ్ నుంచి వచ్చినది. జకాత్‌కు అత్తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలను నిర్ణయించినది. పైగా హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం సంపన్నుని మైనరు బిడ్డ కూడా సంపన్నుడిగానే పరిగణింపబడతాడు గనుక, వాడికి జకాత్ చెల్లదు. గల్ఫులో సంపాదించి నిసాబుకు మించిన ఆస్తి కూడబెట్టిన తండ్రి బిడ్డకు జకాత్ లేదు. కాని ఉమర్ (రజి) భత్యంలో ఈ తేడా లేదు. బిడ్డ పుట్టడమే అర్హత. పిల్లల మానసిక చికిత్స అంతా జకాత్ డబ్బుతో, దాతల చందాలతో నడిపించవచ్చుననుకునే సదుద్దేశపరులు ఈ తేడాను గమనించాలి. దానం పేదరికాన్ని చూస్తుంది, ప్రజాధనం పౌరుణ్ణి చూస్తుంది.

తరువాతి కాలపు బీమారిస్తాన్‌లకు వక్ఫ్ ఆదాయం ఆధారమైనది. హిజ్రీ 259 ప్రాంతంలో అహ్మద్ బిన్ తూలూన్ ఈజిప్టులో కట్టించిన ఆసుపత్రికి ఇళ్ళు, దుకాణాల ఆదాయాన్ని వక్ఫ్ చేశాడు. మతిచెడినవారికి అందులో చోటు ఉండేది. ఆయన ప్రతి శుక్రవారం స్వయంగా వచ్చి చూసేవాడు. ఒకనాడు అటువంటి రోగి ఒకడు దానిమ్మపండు అడిగి తీసుకొని, దానితోనే ఆయనను కొట్టాడట! ఆ తరువాత ఇబ్నె తూలూన్ ఆసుపత్రికి రావడం మానేశాడు. పాలకుడు రావడం మానినా ఆసుపత్రి మూతపడలేదు, ఎందుకంటే దాని ఖర్చు ఆయన మనసు మీద కాక వక్ఫ్ ఆదాయం మీద ఆధారపడినది. దమాస్కస్‌లోని నూరీ బీమారిస్తాన్ (1154), కైరోలోని మన్సూరీ బీమారిస్తాన్ (1284) శతాబ్దాల పాటు నడవడానికి కారణం కూడా ఇదే. అయితే ఆ ఆసుపత్రులలో సంకెళ్ళు కూడా ఉండేవి, పిల్లలకు ప్రత్యేక విభాగం ఉన్నట్లు కనిపించదు. పూర్వుల గొప్ప చెప్పుకొని నిద్రపోవడానికి ఈ చరిత్ర పనికిరాదు.

ఖజానా దారి

భారత రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మానసిక వ్యాధులకు సంబంధించిన అంశం మాత్రం ఉమ్మడి జాబితాలో ఉన్నది. అందువలన కేంద్రం, రాష్ట్రం రెండూ బాధ్యులే. ఇద్దరు బాధ్యులున్న చోట ఏమి జరుగుతుందో ఉమ్మడి కుటుంబాలలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో 1985 నుంచి జరిపిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపొందినది. పెద్ద ఆసుపత్రిలో రోగి కోసం ఎదురుచూడకుండా, జిల్లా ఆసుపత్రిలో ఒక బృందాన్ని పెట్టి, కింది ఆసుపత్రులకు దానిని పంపుట దీని ఉద్దేశం. మానసిక వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, సామాజిక కార్యకర్త, నర్సు ఈ బృందంలో ఉండాలి. బడులలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం కూడా ఇందులో భాగమే. పన్నెండవ పంచవర్ష ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్క జిల్లాకు ఏడాదికి గరిష్ఠంగా 83.20 లక్షల రూపాయలు ఇవ్వవచ్చు. 2016 పునర్విభజన తరువాతి నిజామాబాదు జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 15.7 లక్షల మంది ఉన్నారు. పూర్తి మొత్తం వచ్చి, పూర్తిగా ఖర్చయినా మనిషికి ఏడాదికి అయిదు రూపాయల చిల్లర! ఇది పెద్దలకూ పిల్లలకూ కలిపి.

కేంద్ర బడ్జెట్టు చూసినా ఇదే తీరు. 2024–25 అంచనాలలో మానసిక ఆరోగ్యానికి నేరుగా కేటాయించినది సుమారు 1,000 కోట్ల రూపాయలు. అందులో 850 కోట్లు నిమ్‌హాన్స్‌కు, 64 కోట్లు తేజ్‌పూర్ సంస్థకు, 90 కోట్లు టెలిఫోను ద్వారా సలహా ఇచ్చే టెలి మానస్‌కు. నిమ్‌హాన్స్ ఉన్నత సంస్థ, దానికి డబ్బు అక్కరలేదని ఎవరూ అనరు. కాని ఆర్మూరు నుంచి బెంగుళూరు ఎంత దూరం? ఈ మూడు పద్దులలో ఒక్కదానికీ పిల్లల పేరు లేదు. జిల్లాలకు వెళ్ళే డబ్బు జాతీయ ఆరోగ్య మిషన్ మూటలో కలిసి వస్తుంది. ఆ మూటలో కాన్పులు, టీకాలు, క్షయ అన్నీ ఉంటాయి. రాష్ట్రం తన వార్షిక ప్రణాళికలో అడిగినదే ఇస్తారు. ఖర్చు చేసినట్లు ధ్రువపత్రం వస్తే తప్ప తరువాతి విడత రాదు. వైద్యుని పోస్టు ఖాళీగా ఉంటే జీతం మిగిలిపోతుంది. మిగిలినది అక్కరలేనిదిగా లెక్కలోకి వస్తుంది, మరుసటి ఏడు కోత పడుతుంది. వైద్యుడు లేని జిల్లాకే డబ్బు కూడా తగ్గుతుంది.

పిల్లల కొరకు ఉన్నవి మరి రెండు మూడు దారులు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్ళి పరీక్షలు జరపాలి. ఎదుగుదలలో ఆలస్యం కూడా ఆ జాబితాలో ఉన్నది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యం గల పిల్లలకు పేరుపొందిన కేంద్రం. వికలాంగుల పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెరిగినది. అయితే పింఛనుకు ధ్రువపత్రం కావాలి, ధ్రువపత్రానికి నూటికి 40 వంతుల వైకల్యం ఉండాలి. మూడేళ్ళ వయసులో మాట రాని బిడ్డకు అప్పుడే శిక్షణ ఇస్తే వైకల్యం తగ్గుతుంది. ముదిరి 40కి చేరితే పింఛను వస్తుంది. పాలు మాన్పిస్తే గాని భత్యం రాని ఆ తల్లి పరిస్థితికీ దీనికీ తేడా ఎంత?

అడగవలసినది

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చినది. దాని 18వ సెక్షను ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ ధనంతో నడిచే మానసిక చికిత్స పొందుట ప్రతి వ్యక్తి హక్కు. పిల్లల మానసిక సేవలను ఆ సెక్షను ప్రత్యేకంగా పేర్కొన్నది. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ సంస్థలలో చికిత్స ఉచితం. జిల్లాలో కనీస సేవలు లేకపోతే అదే జిల్లాలో మరొక చోట పొందిన చికిత్స ఖర్చును ప్రభుత్వం భరించాలి. ఆసుపత్రిలో చేర్చుకున్న పిల్లలను పెద్దల నుంచి వేరుగా ఉంచాలి. తగినంతమంది నిపుణులను సమకూర్చుకోవడానికి ప్రభుత్వాలకు ఇచ్చిన పదేళ్ళ గడువు 2028 మే నెలతో ముగుస్తుంది. 2025 జులై 25న, ఆంధ్రప్రదేశ్‌లో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు ప్రకటించి, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలలో అర్హత గల సలహాదారు ఉండాలని ఆదేశించినది.

జకాత్‌కు ఇక్కడ పని లేదని కాదు. ఆర్మూరు నుంచి నిజామాబాదు ప్రభుత్వాసుపత్రికి పాతిక కిలోమీటర్లు. బిడ్డను తీసుకువెళ్ళిన రోజు తల్లికి బీడీల కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. ఆసుపత్రిలో మందు ఉచితమైనా ఈ ఖర్చు భరించలేక రెండో నెల మానేసేవారు ఉంటారు. పేద కుటుంబానికి ఆ కూలి, ఆ ప్రయాణం ఖర్చు జకాత్ నుంచి ఇవ్వవచ్చు, ఇవ్వాలి. మస్జిదు ఇమాములు జుమా ఖుత్బాలో ఒక్కసారి మూర్ఛ గురించి, పిల్లల దిగులు గురించి మాట్లాడితే సిగ్గు సగం తగ్గుతుంది. 14416 అనే టెలి మానస్ నంబరుకు తెలుగులోనే ఫోను చేయవచ్చునని కూడా చెప్పవచ్చు. వైద్యుని జీతం, మందులు, బృందం మాత్రం ఖజానా వంతు.

ఖజానాను ప్రశ్నించడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. జిల్లా కార్యాలయానికి పది రూపాయల రుసుముతో తెల్లకాగితం మీద తెలుగులో దరఖాస్తు వ్రాయవచ్చు. పేదలకు ఆ రుసుము కూడా లేదు. ముప్ఫై రోజులలో జవాబు ఇవ్వాలి. అడగవలసినవి నాలుగే: జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి గత మూడేళ్ళలో ఎంత మంజూరైనది, ఎంత ఖర్చయినది? మంజూరైన పోస్టులలో ఎన్ని భర్తీ అయ్యాయి? ఆర్మూరు ఏరియా ఆసుపత్రికి మానసిక వైద్య బృందం నెలలో ఏయే రోజులలో వస్తున్నది? వచ్చిన రోగులలో 18 ఏళ్ళ లోపువారు ఎందరు?